సత్తు సైకిలూ, సికింద్రాబాదు వీధులూ

సికింద్రాబాదు వెళ్లేవాళ్లు చేసే పనులు నాకు తెలుసు. స్టేషనులో దిగుతారు. ఉజ్జయిని మహాకాళి గుడికి వెళ్లి దండం పెట్టుకుంటారు. జనరల్ బజారులో ఆడవాళ్లు చీరలు బేరం చేస్తూ ఉంటే మగవాళ్లు అరుగుల మీద నిలబడి గడియారాలు చూసుకుంటారు. సాయంత్రం టాంక్‌బండు మీద గాలి పీల్చుకుని తిరుగు రైలెక్కుతారు. నేను మాత్రం కిందటి ఆషాఢమాసంలో వెళ్లి, ఒక సైకిలును చేత్తో నడిపించుకుంటూ ఆ ఊరి వీధులు కొలిచాను. నడిపించుకుంటూ అన్నాను గాని తొక్కుతూ అనలేదు. తొక్కడానికి వీలుంటే ఈ వ్యాసమే లేదు.

ఆ సైకిలు మా బావగారిది. ఆయన రైల్వేలో పని చేసేవారు. వెస్టు మారేడుపల్లిలో ఇల్లు, రైల్ నిలయంలో ఆఫీసు. దక్షిణమధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడినప్పటి నుంచీ ఆ ఊళ్లో సగం కుటుంబాలకు రైలుతో ఏదో ఒక బంధుత్వం ఉంది. మా అక్క కుటుంబమూ అందులో ఒకటి. స్కూటరు ఉన్నా బావగారు ఆఫీసుకు సైకిలు మీదే వెళ్లేవారు. ఇరవై ఏళ్ల కిందట ముచ్చటపడి కొనుక్కున్న సైకిలది. ఉక్కు ఫ్రేము, తక్కిన సామాను అంతా, అంటే హాండిలు, సీటు పిల్లరు, రిమ్ములు, పెడళ్ల చేతులు, బ్రేకులు, అన్నీ అల్యూమినియం. మా అక్క భాషలో సత్తు.

బావగారు పోయి నాలుగేళ్లయింది. సైకిలు వరండాలో తులసికోట పక్కన గోడకు ఆనించి ఉండిపోయింది. పాతసామాన్లవాడు నెలకోసారి దాని వంక ఆశగా చూసేవాడట. అక్క తలుపు వేసేసేదట. ఇంతలో మా మేనల్లుడికి పదిహేనేళ్లు వచ్చాయి, తాడిచెట్టులా ఎదిగాడు. "మామయ్యా, నాన్న సైకిలు నేను తొక్కుతాను. సీటు నాలుగంగుళాలు ఎత్తాలి, అంతే" అన్నాడు. అంతే అన్నాడు గాని, ఇద్దరం కలిసి మెలితిప్పినా సీటు వెంట్రుకవాసి కదలలేదు. పిల్లరు ఫ్రేములో పాతుకుపోయింది.

వీధి చివర కుర్రమేస్త్రీ చూసి, "కోసెయ్యాలె సార్. పైన కోసి, లోపలిది డ్రిల్లు పెట్టి తీస్తం. ఫ్రేముకు గ్యారంటీ లేదు" అన్నాడు. ఇంకొకడు గ్యాసుమంట పెట్టి కాలుస్తానన్నాడు. అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. ఏమీ అనలేదు. "అయితే వద్దులే, అక్కడే పెట్టెయ్యండి" అని మాత్రం అంది. ఆ మాట విన్న తరువాత ఊరుకోవడం నావల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే సైకిలు పట్టుకుని బయలుదేరాను. మేనల్లుడు వెంట వచ్చాడు. రైల్ నిలయం దాటి సంగీత్ చౌరస్తాకు వచ్చాం. సంగీత్ థియేటరు ఇప్పుడు లేదు. పేరు మాత్రం చౌరస్తాకు మిగిలింది. అక్కడి నుంచి గడియారస్తంభం. నూట ఇరవై అడుగుల ఎత్తున, 1897 నుంచి లష్కరుకు కాలం చెబుతూ వచ్చిన స్తంభమిది. లష్కరు అంటే సికింద్రాబాదే. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు పెట్టినా, ఇంగ్లీషు దండు విడిసిన చోటు గనుక జనం నోట లష్కరు అనే నిలిచిపోయింది. బోనాల రోజులు కావడంతో వీధులకు వేపమండల తోరణాలు కట్టి ఉన్నాయి. ఎక్కడ చూసినా డప్పుల మోత. ఆ సందడిలో ఇద్దరు మనుషులు కుంటి సైకిలును ఊరేగించడం ఎవరికీ వింతగా తోచలేదు.

పూర్వం జేమ్సు స్ట్రీటు అనే మహాత్మాగాంధీ రోడ్డు పట్టుకుని రాణీగంజ్ చేరాం. రాణీగంజ్‌లో దొరకని ఇనుపవస్తువు ఉండదని ప్రతీతి. మోటారు పంపులు, బేరింగులు, గొలుసులు, బోల్టులు: ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క గొంది. అలాంటి ఒక గొందిలో, ఎవరో చెయ్యి చూపగా, ఒక ముసలి మేస్త్రీ దొరికాడు. పదడుగుల దుకాణం, ఒక వైసు, గోడకు వరుసగా పానాలు. సికింద్రాబాదులో 1943లో వెలసిన ప్రాగా టూల్సు కార్ఖానాలో లేతు తిప్పినవాళ్ల దగ్గర చిన్నప్పుడు పని నేర్చుకున్నాడట. ఆయన సైకిలును చూడక ముందే పిల్లరు మొదట్లో గోటితో గీకి, తెల్లటి పొడిని నా అరచేతిలో వేశాడు.

"సాబ్, గిది తుప్పు కాదు. సిల్వర్ సచ్చిన పొడి. ఇనుముకూ సిల్వర్‌కూ పడదు. నడుమ గ్రీజు ఉండాలె. మీరు గ్రీజు పెట్టిన్రా?"

పెట్టలేదు. ఇరవై ఏళ్లలో ఎవరూ పెట్టలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆ పొడి సంగతి చెప్పాలి. సత్తు తుప్పు పట్టదని మనందరి నమ్మకం. అది సగమే నిజం. అల్యూమినియం గాలి సోకగానే తన ఒంటిమీద తానే ఒక పొర కప్పుకుంటుంది. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే అందులో నాలుగైదు భాగాల మందం ఉంటుందేమో ఆ పొర. కంటికి కనపడదు, కాని గీతపడితే మళ్లీ క్షణంలో కప్పుకుంటుంది. ఇనుముకు పట్టే తుప్పు పెచ్చులుగా రాలిపోయి లోపలి ఇనుమును బయటపెడుతుంది. ఇది అలా కాక గట్టిగా అంటిపెట్టుకుని కాపలా కాస్తుంది. ఆ కాపలా ఉన్నంతసేపూ సత్తుకు చావులేదు.

కాని ఆ పొరకు ముగ్గురు శత్రువులున్నారు. మన ఇల్లాళ్లకు వాళ్లు పాత పరిచయమే. సత్తుగిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా ఉంచకూడదని మా అమ్మ చెప్పేది. పులుపు ఎక్కువైతే పొర కరుగుతుంది. అదే గిన్నెను చాకలిసోడాతో తోమితే నల్లబడుతుంది. క్షారం ఎక్కువైనా పొర కరుగుతుంది. ఇక మూడవది ఉప్పు. ఆవకాయ సత్తుగిన్నెలో పెడితే నాలుగు నాళ్లకు అడుగున సూదిబెజ్జాలు పడతాయి. ఉప్పు పొరనంతా కరిగించదు. ఎక్కడో బలహీనమైన చోట దూరి, చెదపురుగులా లోతుకు తొలుస్తూ పోతుంది. పైకి చిన్న మచ్చ, లోపల గొయ్యి.

ఆ ఉప్పునీటికి తోడు పక్కనే ఇనుము తగిలి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. రెండు వేరువేరు లోహాలు, నడుమ ఉప్పు తడి: 1800లో వోల్టా మహాశయుడు విద్యుత్తు పుట్టించింది ఈ ఏర్పాటుతోనే. సైకిలు ఫ్రేములోనూ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఆ వ్యాపారంలో నష్టపోయేది సత్తు, లాభపడేది ఉక్కు. నష్టపోయిన సత్తు తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి, పుట్టిన లోహం కంటె ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఇరుకు గొట్టంలో అది ఉబ్బి, మేకు కొట్టినట్లు బిగిసిపోతుంది.

"సముద్రం ఇక్కడికి రెండువందల యాభై కిలోమీటర్ల పైమాటే గదా, ఉప్పెక్కడిది?" అని మేనల్లుడు అడిగాడు. మంచి ప్రశ్న. విశాఖపట్నంలోనో, బందరులోనో అయితే గాలే ఉప్పు మోసుకొస్తుంది. సికింద్రాబాదు దక్కను గుట్టల మీద పొడి ఊరు. ఏడాదికి ఎనభై సెంటీమీటర్ల వాన. హుస్సేన్‌సాగరు నుంచి వచ్చే మురుగు వాసనను తిట్టుకోవచ్చు గాని, ఆ గాలికి వెండిసామాను నల్లబడుతుందే తప్ప సత్తు అంతగా లెక్కచెయ్యదు.

మేస్త్రీ నవ్వి తన నుదుటిని తుడిచి వేలు చూపించాడు. చెమట!

బావగారు వేసవి, వాన అనకుండా పదహారేళ్లు ఆ సైకిలు తొక్కారు. ఆయన చెమట బొట్లు హాండిలు మీద, సీటు కింద పడుతూనే వచ్చాయి. వానలో తడిస్తే కొంత నయమే, ఉప్పు కడుక్కుపోతుంది. ఇంటికి రాగానే నీడలో పెట్టి తుడవకుండా వదిలేస్తేనే చేటు. ఆ తరువాత నాలుగేళ్లు రోజూ తులసికి పోసిన నీళ్ల తుంపరలు. దానికి తోడు రెండేళ్ల కిందట సంక్రాంతికి ప్రహరీగోడకు వెల్ల వేయించినప్పుడు సున్నపు చుక్కలు పెడలు చేతి మీద పడి ఉండిపోయాయి. తడి సున్నం, తడి సిమెంటు సత్తు మీద పడితే తుడిచినా పోని మచ్చ తింటుంది. నేను అవి రంగుమరకలనుకున్నాను. మేస్త్రీ చూడగానే "చూనా" అన్నాడు.

సరే, చికిత్స మాట. పిల్లరును కాలుస్తానన్న వాణ్ణి తలచుకుని మేస్త్రీ తల కొట్టుకున్నాడు. వేడికి సత్తు ఉక్కుకంటె దాదాపు రెండింతలు సాగుతుంది. అంటే కాల్చినకొద్దీ లోపలి సత్తు ఉబ్బి మరింత బిగుస్తుంది. రంగు మాడిపోవడం అదనం. కాస్టిక్ సోడా పోసి పిల్లరును పూర్తిగా కరిగించే పద్ధతి ఒకటుంది. ఉక్కుకు దెబ్బ తగలదు. కాని మండే వాయువు పుడుతుంది, కంట్లో చుక్కపడితే చూపు పోతుంది. ఇళ్లలో చెయ్యవలసిన పని కాదు. మేస్త్రీ దాని పేరెత్తడానికే ఇష్టపడలేదు.

ఆయన చేసింది ఇది. సైకిలును తలకిందులు చేసి, పెడళ్ల మధ్య బి.బి. విప్పి, ఆ రంధ్రంలోంచి సీటుగొట్టంలోకి పలుచని నూనె పోశాడు. "ఇగ రెండు దినాలు మర్చిపోండి. బోనాలు చూసి రండి" అన్నాడు. సైకిలు అక్కడే వదిలి చూడవలసినవి చూశాం. మేనల్లుణ్ణి బేగంపేట వైపు కూడా తీసుకెళ్లాను. 1897 ఆగస్టు 20న రోనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన చోటు అదే. గడియారస్తంభమూ, ఆ దోమా ఒక్క ఏటివే నన్నమాట.

బేగంపేట అంటే నాకు ఇంకొకటి జ్ఞాపకం వస్తుంది. 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటా విమానాలు అక్కడి నుంచే ఎగిరేవి. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయింది. డకోటా ఒళ్లంతా సత్తే. అయితే ఉత్త సత్తు మెత్తన. బలం కోసం రాగి కలుపుతారు. రాగి కలిస్తే బలం వస్తుంది గాని తిన్నగా ఉండదు, తొందరగా చెడిపోతుంది. అందుకని ఆ రేకులకు రెండు వైపులా శుద్ధమైన అల్యూమినియం పలుచని తొడుగు అంటించేవారు. లోపలివాడికి బలం, పైవాడికి ఓర్పు. నీటిమీద దిగే విమానాలను ఉప్పునీటి నుంచి కాపాడడానికి 1923లో ఇంగ్లండులో మరొక ఉపాయం పట్టారు. సత్తును యాసిడు తొట్టిలో ముంచి విద్యుత్తు పంపిస్తే, దాని సొంత పొరే వేల రెట్లు మందంగా పెరుగుతుంది. దాన్ని ఎనోడైజింగు అంటారు. ఈనాటి మంచి సైకిలు సామానులకు ఆ పొర ఉంటుంది. నల్లనివి, రంగురంగులవి, పొగరంగువి చాలావరకు అవే. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాలయంలో అయితే ద్రావణంలో నిప్పురవ్వలు పుట్టించి సత్తు మీద పింగాణీలాంటి గట్టి పొర పెంచే పద్ధతిని అభివృద్ధి చేశారు. అది మన గొంది సైకిళ్ల దాకా ఎప్పుడు వస్తుందో గాని, వచ్చేదాకా గ్రీజే గతి.

మూడవనాడు పొద్దున మేస్త్రీ మేనల్లుణ్ణి మోండా మార్కెట్టుకు తరిమాడు. చేపల వాళ్ల దగ్గర ఐసు తెమ్మన్నాడు. "ఉప్పు కలపనిది తే బేటా!" అని వెనకనుంచి కేకేశాడు. ఆ ఐసును గోనెగుడ్డలో దంచి పిల్లరు చుట్టూ కట్టాడు. వేడికి ఎక్కువ సాగేది చలికి ఎక్కువ ముడుచుకుంటుంది గదా! ముడుచుకునేది ఎంతనుకున్నారు? తల వెంట్రుక మందంలో పదోవంతో, కాస్త ఎక్కువో. ఆ సందు చాలు, నూనె దూరడానికి. తరువాత సీటు ఊడదీసి, సైకిలును తలకిందులు చేసి, పిల్లరు తలను వైసులో బిగించి, ఫ్రేమునే తాళపుచెవిలా పట్టుకుని తిప్పమన్నాడు. ఒక చివర నేను, ఒక చివర మేనల్లుడు.

మొదటి సారి ఏమీ లేదు. రెండవ సారి ఏమీ లేదు. మూడవసారి కీచుమని ఒక చప్పుడు వచ్చింది. ఫ్రేము విరిగిందనుకుని నా గుండె ఆగింది. "రుకో, రుకో! ఒచ్చింది!" అని మేస్త్రీ అరిచాడు. మరికాస్త నూనె, అటొక తిప్పు, ఇటొక తిప్పు. పావుగంటకు పిల్లరు చేతికొచ్చింది. ఫ్రేములో ఉన్న భాగమంతా ముగ్గుపిండి పూసినట్లుంది. ఉప్పుకాగితంతో రుద్దగా పైన గరుకు పోయి గట్టి లోహం బయటపడింది. పనికొస్తుందన్నాడు. పిల్లరు మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనబడేలా సీటు ఎప్పుడూ ఎత్తకూడదని కూడా చెప్పాడు. నాలుగంగుళాలు ఎత్తినా గీత ఇంకా లోపలే ఉంది.

ఇక పని అయిపోయిందనుకుని జేబులో చెయ్యి పెట్టాను. మేస్త్రీ ఆపి, హాండిలుకు చుట్టిన పట్టీ విప్పడం మొదలుపెట్టాడు. పట్టీ విడిపోతూ ఉంటే తెల్లటి పొడి రాలింది. కుడిచేతి వైపు, అరచెయ్యి ఆనేచోట, గోరు దిగేటంత గుంటలు వరుసగా ఉన్నాయి. పదహారేళ్ల చెమట ఆ పట్టీ పీల్చుకుని లోహానికి అందిస్తూ వచ్చిందన్నమాట.

"పిల్లరు నడుస్తది. ఇది నడువది సాబ్. సత్తు ఇనుము లెక్క వంగి చెప్పి ఇరగదు. ఒక్కసారే ఇరుగుతది. పోరడు ముఖం మీద పడ్తడు."

అది బావగారి చేతులు పట్టిన హాండిలు అని చెప్పబోయాను. మేనల్లుడి ముఖం చూసి ఊరుకున్నాను. మేస్త్రీ కొత్త హాండిలు బిగించి, పాతదాన్ని కాగితంలో చుట్టి వాడి చేతికిచ్చాడు. డబ్బు మాత్రం నేననుకున్న దానిలో సగమే తీసుకున్నాడు.

ఇంటికి వచ్చే ముందు ఆయన చెప్పిన జాగ్రత్తలు మా మేనల్లుడు లెక్కల పుస్తకం వెనక రాసుకున్నాడు. నాకు గుర్తున్నవి చెబుతాను. చెమటపట్టిన రోజున తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. దీన్ని మించిన మందు లేదు. కడగవలసి వస్తే మెత్తని సబ్బు నీళ్లు చాలు. సోడా, బ్లీచింగు, అంట్లుతోమే పొడి దగ్గరికి రానివ్వకూడదు. ఇనుప పీచు అసలే పనికిరాదు, దాని తునకలు సత్తులో దిగబడి అక్కడే కొత్త గొడవ మొదలుపెడతాయి. తళతళలాడే ఉత్త సత్తును పాలిషు పెట్టి, పైన కారుకు రాసే మైనం పూయవచ్చు; ఎనోడైజు చేసినదాన్ని మాత్రం పాలిషుతో రుద్దితే కాపాడే పొరనే గీకి పారేసినట్లు. పిల్లరు ఏడాదికోసారి తీసి, తుడిచి, గ్రీజు రాసి పెట్టాలి. బోల్టుల మరలకూ, పెడళ్ల మరలకూ అంతే. రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మాత్రం గ్రీజు తగలనిస్తే వీధి చివర ఆగవలసిన సైకిలు పక్క వీధిలో ఆగుతుంది. కార్బను ఫ్రేము సైకిలుంటే దానికి గ్రీజు కాదు, వేరే ముద్ద అమ్ముతారు. కార్బను పక్కన కూడా సత్తు ఇలాగే నష్టపోతుంది. హాండిలు పట్టీ ఏటా విప్పి చూడాలి. అన్నిటికంటె నాకు నవ్వు తెప్పించింది చివరిది: దసరాకు ఆయుధపూజ చేసి, తడిపసుపూ కుంకుమా హాండిలుకు పూసి, నిమ్మకాయ పిండి, కొబ్బరినీళ్లు చల్లి, సంక్రాంతి దాకా అలాగే వదిలెయ్యకూడదట. "అమ్మవారికి దండం పెట్టున్రి, మర్నాడు తుడువున్రి" అన్నాడు.

సాయంత్రం మేనల్లుడు సైకిలు తొక్కుతూ, నేను ఆటోలో వెనకాల, మారేడుపల్లి చేరాం. అక్క వీధిగుమ్మంలోనే ఉంది. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది. కొత్త హాండిలు చూసింది; వాడి చంకలో కాగితపు పొట్లం చూసి, తీసుకుని, విప్పకుండానే లోపల బీరువా మీద పెట్టి వచ్చింది. తరువాత సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. అది ఇప్పుడు ఆమె భుజం దాకా వస్తోంది.

"ఇంత ఎత్తేమిట్రా?"

"నాకు సరిగ్గా సరిపోయిందమ్మా."

"ఆయన కంటె పొడుగయ్యావన్నమాట" అని లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో పసుపు కుంకుమల పళ్లెం ఉంది. మేనల్లుడు నావంక చూశాడు. నేను గోడవంక చూశాను.

"హాండిలుకు వద్దమ్మా. మేస్త్రీ వద్దన్నాడు."

"టైరు మీద పెడతాలేరా" అంది అక్క.